పెంటియమా, అథ్లానా? మాధవరం రిపేరు కొట్టులో నేర్చుకున్నవి

పెంటియం ఈ5700, అథ్లాన్ 2 ఎక్స్2 250. మొదటిది ఇంటెల్‌ది, రెండోది ఏఎండీది. కాగితం మీద చూస్తే ఈ రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం. రెండూ 3 గిగాహెర్ట్జ్‌వే. రెండింటిలోనూ రెండేసి కోర్లు. రెండూ 45 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే. ఎల్2 క్యాష్ మొత్తం కలిపితే రెండింటికీ 2 ఎంబీ. వాట్ల లెక్క రెండింటికీ 65. అథ్లాన్ 2009 జూన్‌లో బజారుకొచ్చింది, ఈ పెంటియం 2010 ఆగస్టులో. తక్కువ డబ్బుతో కంప్యూటరు కొనుక్కునేవాళ్ళ కోసం చేసినవే రెండూ.

ఉత్తర చెన్నై మాధవరంలో నా రిపేరు కొట్టుకి ఈ రెండు రకాల మిషన్లూ ఇవాళ్టికీ వస్తూనే ఉన్నాయి. జీఎన్‌టీ రోడ్డు పక్క లారీ బుకింగ్ ఆఫీసుల్లో, గోడౌన్లలో, తెలుగు శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్లలో, పాల కాలనీ వైపు ఇళ్ళలో ఇవింకా పనిచేస్తున్నాయి. 2018లో ఆంధ్ర బస్సులకు మాధవరంలో బస్టాండు తెరిచాక తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట నుంచి సీపీయూ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నదాన్నే ఇంకో రెండు మూడేళ్ళు లాగించగలిగితే ఆ డబ్బు ఒక పిల్లవాడి ఫీజుకి సరిపోతుంది. అందుకే ఈ పాత చిప్పుల సంగతి నాకు చిన్న విషయంగా తోచదు. పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళకు, సెకండ్ హ్యాండ్ మిషను కొనబోయేవాళ్ళకు పనికొస్తాయని నాకు తెలిసినవి వరసగా రాస్తున్నాను.

1. అంకెలు ఒకటే అయినా లోపలి దారులు వేరు

పెంటియం నేరుగా ర్యామ్‌ను అందుకోదు. బోర్డు మీద నార్త్‌బ్రిడ్జ్ అనే ఇంకో చిప్పు ఉంటుంది, చిన్న హీట్‌సింక్ కింద కనబడకుండా. ఏది కావాలన్నా దాని ద్వారానే రావాలి, పోవాలి. ఆ దారి పేరు ఫ్రంట్ సైడ్ బస్. ఈ5700కి దాని వేగం 800. అంటే సెకనుకు ఎంత లాగినా 6.4 జీబీ మించదు. అథ్లాన్‌లో ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంది. డీడీఆర్2 800 ర్యాములు రెండు జతగా వేస్తే సెకనుకు 12.8 జీబీ దాకా దారి తెరిచినట్టే.

ఇంతవరకు వింటే అథ్లానే గెలిచిందనిపిస్తుంది. కానీ పెంటియం లోపలున్నది కోర్ 2 కుటుంబపు కట్టడం. ఒక్కో క్లాకుకి అది చేసే పని కొంచెం ఎక్కువ. దానికి తోడు ఆ 2 ఎంబీ క్యాష్ రెండు కోర్లకూ ఉమ్మడి. ఒక్క ప్రోగ్రామే నడుస్తుంటే మొత్తం 2 ఎంబీ దానికే దక్కుతుంది. అథ్లాన్‌లో ఒక్కో కోరుకి సొంతంగా 1 ఎంబీ. పక్క కోరు ఊరకే ఉన్నా దాని వాటా దీనికి రాదు. కాబట్టి ఒకే పని ఒకే కోరు మీద నడిచేచోట పెంటియం సమానంగానో, రవ్వంత ముందుగానో ఉంటుంది. రెండు మూడు పనులు ఒకేసారి నడుస్తూ ర్యామ్ బాగా కదిలేచోట అథ్లాన్ ఆ లోటు పూడ్చుకుంటుంది. ఇవన్నీ కొలిస్తే తేలే తేడాలు. కుర్చీలో కూర్చుని టైపు చేసుకునే మనిషికి తెలియవు.

ఒక మాట కుర్రాళ్ళకు. ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రాము తెరిచి చూసి, పెంటియం 1.2 గిగాహెర్ట్జ్ చూపిస్తోందని, అథ్లాన్ 800 మెగాహెర్ట్జ్ చూపిస్తోందని, మోసపోయామని పరుగెత్తుకొచ్చేవాళ్ళుంటారు. పనిలేనప్పుడు కరెంటు మిగల్చడానికి రెండూ వేగం తగ్గించుకుంటాయి. ఏదైనా బరువైన పని ఇచ్చి అదే కిటికీ మళ్ళీ చూపించండి, 3 గిగాహెర్ట్జ్‌కి ఎక్కుతుంది. వాళ్ళ ముందే చూపించండి. నోటిమాటగా చెబితే నమ్మకం కుదరదు.

2. ముందు పనేమిటో అడగండి

"బాబాయ్, ఈ రెంటిలో ఏది ఫాస్టు?" అని అడిగాడు రెడ్‌హిల్స్ నుంచి వచ్చిన కుర్రాడు.

"దాంతో ఏం చేస్తావు నాయనా?"

"నాన్నకి టాలీ. నాకు యూట్యూబు."

నాన్నకి రెండిట్లో ఏదైనా చాలు, నీకు రెండూ చాలవు అని చెప్పాను. అదే నిజం. టాలీ ఈఆర్‌పీ 9 వచ్చింది కూడా 2009లోనే. ఆనాటి మిషన్లను చూసి రాసిన ప్రోగ్రాము అది. ఈ రెండు చిప్పుల మీదా హాయిగా నడుస్తుంది. ఇప్పటి యూట్యూబు వీడియోలు వేరే సంగతి. వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో వస్తాయవి. వాటిని విప్పే ఏర్పాటు ఆనాటి ఆన్‌బోర్డు గ్రాఫిక్స్‌లో లేదు. భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. రెండు కోర్లూ నిండిపోయి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. 480పీలో పెట్టుకుని చూస్తే పరవాలేదు.

డీటీపీవాళ్ళది ఇంకో రకం అవసరం. ఉత్తర చెన్నైలో తెలుగు శుభలేఖలు, కరపత్రాలు వేసే చోట్ల పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఏళ్ళ తరబడి చేసిన ఫైళ్ళన్నీ అందులోనే. వాళ్ళకు విండోస్ ఎక్స్‌పీ కావాలి. ఎక్స్‌పీకి డ్రైవర్లు దొరికే బోర్డు కావాలి. కొత్త మిషను ఇస్తే వాళ్ళ పని ఆగిపోతుంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ రక్షణ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది కాబట్టి ఆ మిషనుకి నెట్ కనెక్షన్ తీసేసి, ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో మార్చుకోమంటాను. పెన్‌డ్రైవ్‌ని ముందు వేరే మిషనులో స్కాన్ చేయమంటాను.

లారీ ఆఫీసుల్లో టీవీఎస్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లుంటాయి. మూడు కాపీల బిల్లు కార్బన్‌తో ఒకేసారి పడాలంటే సూది కొట్టుడే కావాలి, లేజరుతో కాదు. ఆ ప్రింటర్ కేబుల్ దూర్చడానికి వెనకాల పొడవాటి గులాబీరంగు ఎల్‌పీటీ పోర్టు ఉండాలి. అలాంటి కొట్టుకి మిషను చూసేటప్పుడు నేను ప్రాసెసర్ పేరు చదవడానికి ముందు డబ్బా వెనక్కి తిప్పి ఆ పోర్టు ఉందా అని చూస్తాను.

3. చిప్పు కన్నా బోర్డు ముఖ్యం

పాత మిషన్లలో ప్రాసెసర్ చావడం చాలా అరుదు. చచ్చేది బోర్డు. కెపాసిటర్లు ఉబ్బుతాయి, ఉప్పుగాలికి, తేమకి కాళ్ళు తుప్పుపడతాయి. మా రోడ్డు మీద లారీలు లేపే దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి ఏ చిప్పు మంచిది అనే ప్రశ్నని, ఏ చిప్పుకి బోర్డు దొరుకుతుంది అని మార్చి అడగాలి.

పెంటియం కూర్చునేది ఎల్‌జీఏ 775 సాకెట్టులో. ఆ సాకెట్టు 2004 నుంచి ఉంది. ఈ5700 వచ్చేసరికి అది ఆఖరి దశలో ఉంది. ఇంటెల్ సొంత బోర్డులు డీజీ31పీఆర్, డీజీ41ఆర్‌క్యూ మన దగ్గర లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి. గట్టి బోర్డులవి. డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం మానుకుంటున్నామని 2013 జనవరిలో ఇంటెల్ ప్రకటించింది. ఆ తర్వాత కూడా జీ41 చిప్‌సెట్‌తో వేరే కంపెనీలు చౌక బోర్డులు చాలాకాలం అమ్మాయి. అందువల్ల చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో 775 బోర్డు అడిగితే ఎవరో ఒకరు లోపల్నుంచి తీసిస్తారు. మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. జీ31 అయితే ర్యామ్ 4 జీబీకి మించి పట్టదు, జీ41 అయితే 8 జీబీ పడుతుంది. ఈ ఒక్క తేడా వల్ల నేను జీ31 బోర్డు ఎవరికీ కొనిపెట్టను. అంతకన్నా పాత 945 బోర్డుల్లో చాలావాటికి ఈ ప్రాసెసర్ పేరే తెలియదు, స్క్రీన్ రాదు.

అథ్లాన్ గొప్పతనం ఇక్కడుంది. ఒకే చిప్పు మూడు తరాల బోర్డుల్లో కూర్చుంటుంది: డీడీఆర్2 ర్యామ్ వేసుకునే ఏఎం2 ప్లస్, డీడీఆర్3 వేసుకునే ఏఎం3, 2011లో వచ్చిన ఏఎం3 ప్లస్. దాని లోపలున్న మెమరీ కంట్రోలర్‌కి రెండు రకాల ర్యామూ వచ్చు. పాత ఏఎం2 ప్లస్ బోర్డయితే బయాస్ అప్‌డేట్ చేయాలి, అంతే. బోర్డు పోయినవాడు ర్యామ్ కూడా మార్చక్కర్లేకుండా బయటపడే అవకాశం అథ్లాన్‌తోనే ఎక్కువ. బజారులో ఏఎండీ బోర్డుల సంఖ్య మాత్రం తక్కువ. మనవైపు ఇంటెల్ మిషన్లే ఎక్కువ అమ్ముడయ్యాయి కాబట్టి పాతవీ అవే ఎక్కువ దొరుకుతాయి. ఏఎండీ బోర్డు మంచిది కంటబడితే అవసరం లేకపోయినా ఒకటి తీసి పెట్టుకోండి.

ప్రాసెసర్ పెంచుకోవాలంటే రెండింటికీ దారి ఉంది. 775లో కోర్ 2 క్వాడ్ క్యూ8400, ఏఎం3లో అథ్లాన్ 2 ఎక్స్4 640. రెండూ నాలుగు కోర్లవి, రెండూ 95 వాట్లవి. మీ బోర్డు 95 వాట్లు మోయగలదో లేదో, కంపెనీ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో చూశాకే డబ్బులివ్వండి.

4. ర్యామ్ మీది నల్ల చిప్పులు లెక్కపెట్టండి

ఈ పాఠం చదివి మిగతావి మరిచిపోయినా నాకు బాధ లేదు. పాత మిషన్ల వ్యాపారంలో జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

డీడీఆర్2లో 4 జీబీ స్టిక్ చౌకగా దొరికిందని తెచ్చుకుంటారు. పెంటియం బోర్డులో పెడితే బీప్ బీప్ అంటుంది తప్ప స్క్రీన్ రాదు. బోర్డు పోయిందనుకుని కొత్త బోర్డు బేరమాడతారు. ఆ స్టిక్ అట్ట మీద ఒక మూల "ఏఎండీ మాత్రమే" అని ఇంగ్లీషులో ఉంటుంది. కొన్నిటిమీద అదీ ఉండదు. ఆ స్టిక్కుల్లో మెమరీని అమర్చిన తీరు ఇంటెల్ నార్త్‌బ్రిడ్జ్‌కి అర్థం కాదు, ఏఎండీ ప్రాసెసర్ లోపలి కంట్రోలర్ మాత్రం చదవగలదు. అదే స్టిక్ అథ్లాన్ బోర్డులో పెడితే చప్పుడు చేయకుండా 4 జీబీ చూపిస్తుంది. అథ్లాన్ ఉన్నవాడికి ఇది వరం. చౌక ర్యామ్ వాడుకోవచ్చు. పెంటియం ఉన్నవాడు దాని జోలికే పోకూడదు.

డీడీఆర్3 వేసుకునే జీ41 బోర్డుకి ఇంకో చిక్కుంది. 4 జీబీ స్టిక్ చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పి చూడండి. పక్కకి ఎనిమిది చొప్పున మొత్తం 16 నల్ల చిప్పులుంటే జీ41 ఒప్పుకుంటుంది. ఒకవైపే ఎనిమిది ఉండి రెండోవైపు ఖాళీగా ఉంటే అవి ఒక్కొక్కటి 4 గిగాబిట్ చిప్పులు. జీ41 వాటిని సరిగా గుర్తించలేదు. స్క్రీనే రాకపోవచ్చు, వస్తే సగం ర్యామే చూపించవచ్చు. స్టిక్ చెడిపోయినట్టు కాదు. ఇంకా కొత్త తరాల ఇంటెల్ బోర్డుల్లో అది చక్కగా పనిచేస్తుంది.

కాబట్టి రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్ళేటప్పుడు బోర్డు పేరు, చిప్‌సెట్ పేరు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వీలైతే పాత స్టిక్ జేబులో పెట్టుకోండి. మాధవరం నుంచి మూలకడై, పెరంబూరు దాటి మౌంట్ రోడ్డు దాకా వెళ్ళి రావడమంటే పూట గడిచిపోతుంది. వానొస్తే వ్యాసర్‌పాడి గణేశపురం సబ్‌వే మునిగి అదీ సాగదు. సరుకు మార్చుకోవడానికి మళ్ళీ వెళ్ళాల్సిన పని పెట్టుకోకండి.

5. పిన్నులు ఎక్కడున్నాయో గుర్తుంచుకోండి

అథ్లాన్‌కి కింద 938 పిన్నులుంటాయి, ప్రాసెసర్‌కే. పెంటియంకి పిన్నులు లేవు, బంగారురంగు చుక్కలే. పిన్నులు బోర్డు సాకెట్టులో ఉంటాయి. దీన్నిబట్టి ప్రమాదం ఎక్కడుందో మారుతుంది.

అథ్లాన్ మిషనులో కూలర్ ఊడదీసేటప్పుడు తొందరపడకూడదు. పేస్టు ఎండిపోయి కూలర్‌కి, ప్రాసెసర్‌కి మధ్య బంకలా పట్టేసి ఉంటుంది. సాకెట్టు పక్కనున్న లివర్ వేసే ఉన్నా, గట్టిగా పైకి లాగితే ప్రాసెసర్ కూలర్‌తో పాటే ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు మిషను నడిపి, ఆపి, కరెంటు వైరు తీసి, పేస్టు వెచ్చగా ఉండగానే కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలాక లేపండి. ఒకవేళ పిన్నులు వంగితే పాత ఏటీఎం కార్డు తీసుకుని వరసల మధ్య నిలువుగా దూర్చి, ఒక వరస తర్వాత ఒక వరస, రెండు దిక్కుల్లోనూ నెమ్మదిగా జరపండి. ఒంటరిగా వాలిన పిన్ను ఉంటే ములుకు తీసేసిన 0.5 పెన్సిల్ గొట్టం దానికి తొడిగి నిలబెట్టండి. అటూ ఇటూ పదేపదే వంచితే విరుగుతుంది. నిలబడ్డాక ప్రాసెసర్‌ని సాకెట్టు మీద పెడితే దాని బరువుకే దిగాలి. వేలితో నొక్కాల్సి వచ్చిందంటే ఇంకా ఏదో పిన్ను వంకరగా ఉన్నట్టే.

775 సాకెట్టులో పిన్నులు వెంట్రుకల్లా సన్నగా, ఏటవాలుగా ఉంటాయి. పక్కనుంచి టార్చి వేసి చూస్తే అన్నీ ఒకే తీరున మెరవాలి. ఎక్కడైనా మెరుపు తప్పితే అక్కడ వంగినట్టు. భూతద్దం, సూది, ఓపిక ఉన్నవాళ్ళు మాత్రమే ముట్టుకోవాలి. సెకండ్ హ్యాండ్ 775 బోర్డు కొనేటప్పుడు సాకెట్టు మీద నల్ల మూత లేకపోతే టార్చి వేసి చూడకుండా తీసుకోవద్దు.

6. వేడి

పెంటియం కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ కాళ్ళుంటాయి, బోర్డు రంధ్రాల్లోకి నొక్కి బిగించేవి. నాలుగేళ్ళు పోయాక అందులో ఒకటి వదులవుతుంది. పైనుంచి చూస్తే బిగిసినట్టే ఉంటుంది. మిషను మే నెలలో మధ్యాహ్నాలు ఆగిపోతోంది, రాత్రిళ్ళు బాగుంటోంది అంటే ముందు బోర్డు వెనక్కి తిప్పి నాలుగు కాళ్ళూ అవతలికి వచ్చాయో లేదో చూడండి. అథ్లాన్ కూలర్‌ది ఇనుప కొక్కెం, ఆ బాధ తక్కువ.

7. డబ్బు ఖర్చుపెట్టేదేదో ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి

పెంటియం తీసి అథ్లాన్ వేసినా, అథ్లాన్ తీసి పెంటియం వేసినా ఇంట్లోవాళ్ళకు తేడా తెలియదు. పాత హార్డ్ డిస్కు తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేస్తే, చెప్పకపోయినా తెలిసిపోతుంది. ఇందులో కూడా రెండు మిషన్లకూ చిన్న తేడా ఉంది. జీ31, జీ41 బోర్డుల్లో ఉండే ఐసీహెచ్7 చిప్పుకి ఏహెచ్‌సీఐ పద్ధతి రాదు, పాత ఐడీఈ పద్ధతిలోనే డిస్కుని నడుపుతుంది. ఎస్‌బీ710 ఉన్న ఏఎండీ బోర్డుల్లో ఏహెచ్‌సీఐ ఉంది. అందువల్ల ఎస్‌ఎస్‌డీ బలం అథ్లాన్ పక్కన ఇంకొంచెం ఎక్కువగా బయటపడుతుంది. విండోస్ వేయడానికి ముందే బయాస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టండి. వేశాక ఉట్టినే మారిస్తే నీలం స్క్రీన్ వస్తుంది. పెంటియం మిషనువాళ్ళు ఈ తేడా చూసి వెనకాడనక్కర్లేదు. ఐడీఈలో నడిచిన ఎస్‌ఎస్‌డీ కూడా హార్డ్ డిస్కు కన్నా ఎన్నో రెట్లు మేలు.

8. ఎస్‌ఎంపీఎస్

2012లో చెన్నైలో రోజూ రెండు గంటలు కరెంటు కోత ఉండేది. కరెంటు తిరిగొచ్చే క్షణంలో పోయే సామాన్లు నేను ఆ రోజుల్లో చూసినన్ని ఎప్పుడూ చూడలేదు. మిషనుకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాల్లో తేలిగ్గా ఉండి 450 వాట్లని రాసుకున్నవే ముందు పోయేవి, పోతూ బోర్డునీ తీసుకుపోయేవి. 65 వాట్ల చిప్పులకు పెద్ద ఎస్‌ఎంపీఎస్ అక్కర్లేదు, నిజాయితీగా రాసిన చిన్నదే చాలు. చేతిలో పట్టుకుంటే బరువుగా ఉండాలి.

9. ఎన్నాళ్ళు వాడొచ్చు

భద్రత సంగతి ముందు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే లోపం బయటపడింది. ఇంటెల్ చిప్పులకు అది తగిలింది, ఏఎండీకి తగల్లేదు. దాన్ని కప్పడానికి వేసిన అప్‌డేట్ వల్ల పాత పెంటియంలు కొన్ని పనుల్లో ఇంకా నెమ్మదించాయి. అదే నెలలో ఆ విండోస్ అప్‌డేట్ కొన్ని పాత ఏఎండీ మిషన్లలో బూట్ కాకుండా చేయడంతో మైక్రోసాఫ్ట్ దాన్ని వాటికి కొన్నాళ్ళు ఆపింది కూడా. పాత మిషను ఎవరిదైనా, పెద్ద అప్‌డేట్‌కి ముందు ఫైళ్ళు కాపీ తీసి ఉంచుకోవడం తప్పనిసరి.

విండోస్ 10కి మామూలు రక్షణ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో 24హెచ్2 నుంచి ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ఆదేశాల సమూహం ప్రాసెసర్‌లో ఉండి తీరాలి. అది పెంటియం ఈ5700లోనూ లేదు, అథ్లాన్ 2లోనూ లేదు. ఏవో కిటుకులతో వేసిపెడతామని ఎవరైనా అంటే డబ్బులివ్వకండి, బూట్ కాదు. నెట్ వాడే ఇళ్ళకు నేనిప్పుడు లినక్స్ వేస్తున్నాను. డెబియన్‌గానీ, మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకంగానీ. మన చెన్నై సీ-డాక్‌వాళ్ళు చేసిన బాస్ లినక్స్ కూడా ఉంది, డెబియన్ మీద కట్టిందే. 4 జీబీ ర్యామూ, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే ఉత్తరాలు, బ్యాంకు పనులు, పిల్లల చదువు పేజీలు నడిచిపోతాయి. తెలుగు టైపింగూ అందులో బాగుంటుంది.

ఇక రెండిట్లో ఏదంటారా? రెండూ ఒకే ధరకు ఎదురుగా ఉంటే నేను అథ్లాన్ తీసుకుంటాను, డీడీఆర్3 బోర్డు మీద ఉంటే. మూడు తరాల బోర్డులు దానికి చెల్లుతాయి, ర్యామ్‌తో పేచీ పెట్టదు, ఎస్‌ఎస్‌డీని మెరుగ్గా నడుపుతుంది. ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, ఎల్‌పీటీ ప్రింటర్ కోసమైతే జీ41 మీద పెంటియం తీసుకుంటాను, రేపు బోర్డు పోతే అలాంటిదే ఇంకోటి దొరుకుతుంది కాబట్టి. మీ దగ్గర ఇప్పటికే ఒకటుంటే మాత్రం రెండోదాని కోసం మార్చకండి. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ కొనండి, పాత డిస్కులోని ఫైళ్ళన్నీ కొత్తదాంట్లో తెరుచుకున్నాయని ఒక్కొక్కటీ చూసుకునేదాకా దాన్ని ఫార్మాట్ చేయకండి.